శొంఠి మనుషులు

మోనిష ఇస్కూలు పుస్తకంలో ఒక బొమ్మ ఉండాది.
గుండ్రటి తల, నవ్వే నోరు, కడుపు మీద మూడు గుండీలు.
"నాయనా, వీడు అల్లం బిస్కెట్టంట. ఇంట్లోనే చేస్తారంట" అనింది.
బిస్కెట్టంటే గిరింపేట బేకరీలో గాజుసీసాలో ఉండేది,
ఇంట్లో ఎట్లొస్తాది అని వాళ్ళమ్మ నవ్వి
మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పగటి డ్యూటీకి పాయ.

శొంఠి కొమ్ము ఎదురింటి మస్తానమ్మది,
కోడలి కాన్పు కారానికి దంచగా మిగిలింది.
నాలుగు లవంగాలు, దాల్చిన చెక్క రవంత.
బెల్లం మాత్రం మాది. పోయినేటిది,
ఆషాఢం చెమ్మకు చెమర్చి నల్లబడింది.
కరిగించేది నాకొకరు చెప్పాల్నా?
పద్నాలుగేండ్లు పెనం కాడ నిలబడినోణ్ణి.
బుడగ చూసి చెప్తా, వాసన చూసి చెప్తా,
కండ్లు మూసుకోనుంటే చప్పుడు విని చెప్తా
పాకం లేతదో, ముదురో, దించే పొద్దయిందో.
గిన్నెడు పాకానికి అంత గొప్ప అక్కరలే గానీ
ఆ వాసన లేస్తానే
ఇరువారం దావలో ఆ షెడ్డు, చెరుకు పిప్పి మంట,
తెల్లారుజామున మూడింటి నిద్దర,
గానుగ నోట్లోకి గడ తోస్తా తోస్తా
సరే, దాన్ని అట్ల పెట్టు.

పిండి పిసికేదానికి అరచెయ్యి చాలు.
వేళ్ళు కావాల్సింది అంటుకున్న ముద్ద గీకేదానికి.
దానికి మోనిష ఉండాది.

అచ్చు ఖాజా చేసిచ్చినాడు.
గుజ్జు డబ్బా రేకు కత్తిరించి
పాప పెన్సిలు గీత వెంబడే వంచినాడు.
డబ్బులడగలే. "కాలినాక ఒకణ్ణి పంపించు" అన్నాడు.

కుక్కరుకు రబ్బరు తీసి, విజిలు తీసి,
అడుగున రెండు దోసిళ్ళ గల్లుప్పు పోసి,
స్టాండు మీద తట్ట పెట్టి మూసినాం.
తొలి వాయి మాడిపాయ.
మలి వాయిలో ఒకడికి కాలిరిగింది,
ఇంకొకడి తల అచ్చులోనే ఉండిపాయ.
తలను పాప తినింది, కాలు నేను తింటి.
మూడో వాయికి కరెంటు పాయ.
గ్యాసుకు కరెంటుతో ఏం పని,
ఫోను వెలుతురులో మూత తీసినాం.

అయిదుగురు.
వానకు తడిసిన ఎర్రమన్ను రంగు.
గుండీల కాడ గుచ్చిన మిరియాలు కదల్లేదు.

మోనిష ఒకణ్ణి ఎత్తి వెలుతురుకు పట్టింది.
"వీడికి వేళ్ళు లేవే."
"రేకును అంత సన్నంగా వంచలేం పాపా."
"పుస్తకంలో వాడికీ లేవు" అని
కాసేపు ఏమో లెక్క చూసుకోని
నా కుడిచెయ్యి లాక్కోని వాడి చేతి పక్కన పెట్టింది.
"బొటనేలు ముడువు" అనింది.
ముడిస్తి.
"ఇప్పుడు సరిపాయ."

జాలి లేదు ఆ మాటలో.
టేపు పెట్టి చూసినంక
టైలరు అనే మాట మాదిరి ఉండాది.
గానుగ నాలుగు వేళ్ళు పట్టినప్పుడు అది చంకలో బిడ్డ.
ఏడేండ్లు ఈ చేతిని తువ్వాలు కింద దాచుకోని తిరిగినా.
పెండ్లిండ్లలో ఎడంచేత్తో చదివింపులిచ్చి మాటలు పడినా.
దానికి ఈ చెయ్యి ఎప్పుడూ ఇట్లే కదా.

వాళ్ళమ్మ ఎనిమిదింటికి వచ్చింది,
కొంగంతా మామిడి పండు వాసన.
ఒకటి కొరికి "శొంఠి ఎక్కువైంది" అనింది.
ఇంకోటి తీసుకునింది.

ఖాజాకు పంపాల్సినోడు
కిటికీలో పాత పేపరు మీద పండుకోనుండాడు.
చీమలు అప్పుడే దావ పట్టినాయి.
"నాయనా, బిన్నా సీసాలో వెయ్యి" అని పాప అరిచింది.
వేసినా. సీసాను ఎడంచేత్తో పట్టుకోని
మూతను కుడి అరచేత్తో అదిమి తిప్పినా.
గట్టిగానే బిగిసింది.